దుల్హన్ వెనక కూర్చున్న అమ్మీ ఎక్కడ?



ఈమధ్య షాదీ ఆల్బమ్ ఏది తెరిచినా ఒకటే తమాషా. దుల్హన్ కంటి సుర్మా కనిపిస్తుంది, ముక్కుపుడక రాయి మెరుస్తుంది, కనుబొమ్మ వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ వెనకంతా ఒలికిన పాలు. పాలల్లో అక్కడక్కడా పసుప్పచ్చ చుక్కలు. ఒక చుక్క బల్బు, ఇంకో చుక్క వాళ్ళమ్మీ. పక్కన గులాబీ రంగు మరక ఉందే, అది ఫుఫ్ఫూ దుపట్టా అయ్యుంటుందని మనమే అందాజాగా అనుకోవాలి. దీన్ని మన కుర్రాళ్ళు "బ్లర్ అదిరింది భాయ్" అంటున్నారు. నాకు మాత్రం ఇది జుల్మ్ అనిపిస్తుంది.

తస్వీరు జాయజా కాదా అనే బహస్ ఇక్కడ పెట్టను. అది ఉలమాల పని. మన ఇళ్ళల్లో ఎలాగూ తీస్తున్నారు కాబట్టి, తీసేదేదో ఎలా తీయాలన్నదే నా మాట. నా చేతిలో ఉన్నది అలాంటి బ్లర్ ఇచ్చే లెన్సే కాబట్టి ఈ మాట అనే హఖ్ నాకుందనుకుంటాను. మా మామూ జిద్దాలో పనిచేసే రోజుల్లో సెకండ్ హ్యాండులో కొన్న కేనన్ 7 కెమెరా, దానికి 50 మి.మీ. ఎఫ్ 1.2 లెన్సు. ఆయన షౌక్ తీరాక నాకు వచ్చింది. ఈ కెమెరా 1961లో బజారులోకి వచ్చిన రకం. దీన్ని రేంజ్‌ఫైండర్ అంటారు. ఎ.కొండూరులో, తిరువూరులో, మైలవరం దాకా చుట్టాల ఇళ్ళల్లో నికాహ్‌లు, అఖీకాలు, మెహందీ రాత్రులు దీంతోనే తీస్తుంటాను.

ఎఫ్ 1.2 అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు. 50 మి.మీ.ని 1.2తో భాగిస్తే దాదాపు 42 మి.మీ. వస్తుంది. రోష్నీ లోపలికొచ్చే దర్వాజా వెడల్పు అది. ఎఫ్ 2 లెన్సుకైతే ఆ దర్వాజా 25 మి.మీ., పది రూపాయల బిళ్ళకంటే కాస్త చిన్నది. ఎఫ్ 1.2ది పసిపాప చేతి గాజంత. దీంట్లోంచి ఎఫ్ 2కంటే రెండున్నర రెట్ల పైనే వెలుతురు వస్తుంది. 50 మి.మీ.ని స్టాండర్డ్ లెన్సనడానికి కారణం, అది దూరాన్ని దగ్గరగా లాగదు, దగ్గరని సాగదీయదు. మనిషి మనిషంతే కనిపిస్తాడు.

ఇంత వెలుతురు ఎందుకు? మన పనులన్నీ మగ్రిబ్ తర్వాతే కదా. నికాహ్ మసీదులోనో షామియానా కిందో జరిగినా, ఆడవాళ్ళ మహ్‌ఫిల్ లోపలి గదిలో ఉంటుంది. అక్కడ ఉండేది ఒక ఎల్.ఇ.డి. బల్బు, మహా అయితే రెండు. ఐ.ఎస్.ఓ. 400 ఫిల్ము వేసుకుని ఆ గదిలో ఎఫ్ 2 పెడితే షట్టరు సెకనులో 30వ వంతుకు పడిపోతుంది. ఎఫ్ 1.4కి వెళ్తే 60వ వంతు. ఎఫ్ 1.2లో ఇంకాస్త మిగులుతుంది కూడా. కూర్చున్న మనిషికి 30 సరిపోవచ్చు. కానీ మెహందీ రాత్రి కూర్చున్న మనిషి ఎవరు? ఢోలక్ వాయించే చెయ్యి ఆగుతుందా, నవ్వే మూతి ఆగుతుందా? అక్కడ ఈ పెద్ద దర్వాజా నిజంగా మెహర్బానీ చేస్తుంది.

ఫ్లాష్ కొట్టొచ్చుగా అంటారు. కొట్టొచ్చు. కొడితే ఏమవుతుందో మనకందరికీ ఎరుకే. ఆ మెరుపు పడగానే గదిలో సగంమంది దుపట్టా మొహం మీదికి లాగుతారు. దాదీ కళ్ళు చికిలిస్తుంది. పాట మధ్యలో తెగిపోతుంది. ఇక ఆ రాత్రంతా గదిలో పెత్తనం కెమెరాదే, మనుషులది కాదు. బొమ్మ చూస్తే మొహాలు సున్నం కొట్టినట్టు, వెనక గోడమీద నల్లటి నీడ. ఉన్న బల్బు వెలుతురుతో తీస్తే ఆ గది ఆ రాత్రి ఎలా ఉందో అలాగే ఉంటుంది. పసుప్పచ్చ గోడ, పందిరి గుడ్డ, చెంపమీద సగం వెలుగు, సగం చీకటి.

మన దక్కన్‌లో ఈ జనానా సంగతి కొత్తదేం కాదు. నిజాం దర్బారుకి ముసవ్విర్‌గా ఉన్న లాలా దీన్ దయాళ్ పేరు చాలామంది వినే ఉంటారు. మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, హైదరాబాదుకొచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేత రాజా ముసవ్విర్ జంగ్ బహాదుర్ అనే ఖితాబు పొందినాయన. 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ళకోసం విడిగా ఒక జనానా స్టూడియో పెట్టించాడు. చుట్టూ ఎత్తు గోడలు, లోపలికి మగవాడికి ప్రవేశం లేదు, కెమెరా వెనక నిలబడింది కెనీ లెవిక్ అనే దొరసాని. ఆ రోజుల్లో కెమెరాలకి కావలసిన వెలుతురు చాలా ఎక్కువ, కాబట్టి ఆడవాళ్ళు ఇల్లు కదిలి స్టూడియోకి రావలసి వచ్చింది. ఇప్పుడు వెలుతురు తాగే లెన్సులొచ్చాయి, కెమెరానే ఇంటికి వెళ్ళొచ్చు. కానీ ఆ స్టూడియోలో ఒక అదబ్ ఉంది చూడండి. ఎవరు తీస్తున్నారు, ఎవరు చూస్తారు అన్న సవాలుకి ముందే జవాబు చెప్పుకుని ఆ తర్వాతే గాజుపలక ఎక్కించారు. ఇవాళ సెల్‌ఫోన్ ఉన్న ప్రతివాడూ ఆ సవాలు దాటవేస్తున్నాడు.

నా లెన్సులోనూ ఈ ఖతరా ఉందని ముందే చెప్పాలి. ఫ్లాష్‌కి ఒక మంచి గుణం ఉంది. అది చెప్పి తీస్తుంది. మెరిసిందంటే నా ఫొటో పడిందని ఆ మనిషికి తెలుస్తుంది, వద్దనుకుంటే కసురుతుంది. మసక గదిలో చప్పుడు లేకుండా, మెరుపు లేకుండా తీసే కెమెరా ఆ ఖబర్ ఇవ్వదు. కాబట్టి ఇజాజత్ నోటితో అడగాలి. లోపలికి వెళ్ళేముందు ఇంట్లో పెద్దావిడని అడుగుతాను, ఆవిడ లోపల చెప్పొస్తుంది, వద్దన్నవాళ్ళు అటువైపు కూర్చుంటారు. పెద్ద కష్టమేం కాదిది. ఫాస్ట్ లెన్సు కొనేవాళ్ళకి దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు బాధకి వస్తాను. ఇంత పెద్ద దర్వాజా తెరిస్తే వెలుతురుతోపాటు ఇంకో సంగతి జరుగుతుంది. స్పష్టంగా ఉండే లోతు పలచబడిపోతుంది. మీటరు దూరంలో మనిషిని పెట్టి ఎఫ్ 1.2లో తీస్తే స్పష్టంగా ఉండేది మూడు సెంటీమీటర్లు కూడా కాదు. కన్ను తేటగా ఉంటే చెవి మసక. ఎఫ్ 0.95 అయితే రెండు సెంటీమీటర్ల చిల్లర. మూడు మీటర్లు వెనక్కి జరిగితే ఎఫ్ 1.2లో పాతిక సెంటీమీటర్లు దక్కుతుంది. దుల్హన్ దక్కుతుంది, వెనక వరసలో కూర్చున్న అమ్మీ దక్కదు. అదే మూడు మీటర్ల దూరాన ఎఫ్ 2.8కి మూస్తే అరవై సెంటీమీటర్లు. రెండు వరసలూ బొమ్మలోకొస్తాయి.

ఈ ఇల్మ్ మన బుజుర్గులకి తెలియనిది కాదు. బస్రాలో పుట్టి కైరోలో గతించిన ఇబ్న్ అల్ హైసమ్ వెయ్యేళ్ళ కింద గ్రహణం బొమ్మల గురించి ఒక రిసాలా రాశాడు. చిన్న కంతలోంచి చీకటి గదిలోకి పడ్డ గ్రహణపు సూర్యుడు నెలవంకలా కనిపిస్తాడని, కంత పెద్దదైతే ఆ ఆకారం చెదిరిపోతుందని చూసి, లెక్క కట్టి చెప్పాడు. దర్వాజా పెద్దదైతే వెలుతురు పెరుగుతుంది, ఆకారం కరుగుతుంది అన్నదే కదా మన గొడవ. (కెమెరా అన్న మాట ఖమ్రా అన్న అరబ్బీ మాటలోంచి వచ్చిందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది గది అనే అర్థమున్న లాటిన్ మాట. ఇబ్న్ అల్ హైసమ్ ఘనతకి ఈ అబద్ధం అవసరం లేదు.)

రేంజ్‌ఫైండర్‌లో ఒక విచిత్రం ఉంది. మామూలు ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో మనం లెన్సులోంచే చూస్తాం. లెన్సు మసక చేసినది కంటికీ మసకగానే కనిపిస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. లెన్సుకి పక్కన చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చూస్తాం. ఆ కిటికీకి అందరూ సమానమే. దుల్హన్ తేట, అమ్మీ తేట, గుమ్మంలో నిలబడి మొహమాటపడుతున్న పొరుగింటి ఆపా కూడా తేట. ఫొటోలోకి వచ్చేది ఎంతమేరో తెల్లటి గీతలు చెబుతాయి. గీతల అవతల ఎవరు వస్తున్నారో కూడా కనిపిస్తుంది. తీసేవాడు గదంతా చూస్తూనే ఉంటాడు. అన్నీ చూసి, అందరూ ఉన్నారనుకుని బటన్ నొక్కితే, లెన్సు పోయి ఒక్కరిని ఉంచి మిగతావాళ్ళని చెరిపేస్తుంది. కాబట్టి ఈ కెమెరా పట్టుకున్నవాడికి మసక అన్నది కంటితో చూసేది కాదు, బుర్రలో లెక్కపెట్టుకునేది. నాకు ఈ కెమెరా మీద ఇష్టం ఇందుకే. వెనకవాళ్ళు ఏమైపోతారో నువ్వే ఆలోచించుకో అని వదిలేస్తుంది.

దీంతో ఫోకస్ పట్టడం ఎలాగన్నది చాలామంది అడుగుతుంటారు, కాస్త వివరంగా చెబుతాను. కిటికీ మధ్యలో చిన్న లేత మచ్చ ఉంటుంది. అందులో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్సు రింగు తిప్పుతుంటే రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. ఒకటైన చోట ఫోకస్. దీనికి నిలువు గీత ఒకటి కావాలి. నల్ల బుర్ఖా మీద పెడితే ఏమీ తెలియదు, నలుపు మీద నలుపు. చెంప మీదా తెలియదు. ఝుమ్కా మంచిది. దుపట్టాకి గోటా అంచుంటే ఇంకా మంచిది. ఏదీ లేకపోతే కంటి సుర్మా గీతే గతి. మసీదులో అయితే టోపీ అంచు, షేర్వానీ గుండీల వరస.

ఫోకస్ పట్టాక కెమెరా పక్కకి తిప్పి ఫ్రేము సర్దుకునే అలవాటు అందరికీ ఉంటుంది. ఎఫ్ 8లో పరవాలేదు. ఎఫ్ 1.2లో మీటరు దూరాన 15 డిగ్రీలు తిప్పారంటే ఫోకస్ మూడు సెంటీమీటర్లకి పైగా వెనక్కి పోతుంది. కంటిమీద పెట్టింది చెవి దగ్గర పడుతుంది. అందుకని తిప్పాక నేను పిసరంత ముందుకో వెనక్కో ఒరుగుతాను. ఎంత ఒరగాలో పుస్తకం చెప్పదు, చెయ్యి నేర్చుకోవాలి. ఊపిరి కూడా చూసుకోవాలి. ఆ మీటరు దూరంలో మనిషి నవ్వి ఒక వేలెడు ముందుకొస్తే చాలు, పోయినట్టే.

అన్ని రేంజ్‌ఫైండర్లూ ఈ బరువు మొయ్యవు. రెండు కిటికీల మధ్య ఎడం ఎక్కువుంటే కొలత కచ్చితంగా ఉంటుంది. ఆ ఎడాన్ని కిటికీ చూపించే సైజుతో గుణిస్తే అసలు బలం తెలుస్తుంది. 1954 నాటి లైకా ఎం 3ది 62 మి.మీ. దాకా వస్తుంది. నా కేనన్ 7ది 47. బెస్సా ఆర్ అనే కొత్తరకం చవక కెమెరాది 25. పాతిక ఉన్నదానికి ఎఫ్ 1.2 తగిలిస్తే గొడుగు కర్రతో నూతి లోతు కొలిచినట్టే. పైగా లెన్సు ఇంత లావుండడం వల్ల కిటికీలో కుడివైపు కింది మూల దానికే అడ్డం పడుతుంది. అక్కడ కూర్చున్న పిల్లాడు నాకు సగమే కనిపిస్తాడు. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. మా వైపు మామిడితోటల్లో మిట్టమధ్యాహ్నం ఎఫ్ 1.2 తెరవాలంటే 400 ఫిల్ముకి సెకనులో 70 వేలవ వంతు షట్టరు కావాలి. నా కెమెరా వెయ్యి దగ్గర ఆగిపోతుంది. ఎండలో దీన్ని ఎఫ్ 11కి మూసుకుని మామూలు లెన్సులా వాడుకోవడమే.

మరి ఎందుకింత తక్లీఫ్? నా రాయి ఇది. ఫాస్ట్ లెన్సు చీకటికోసం కొనాలి, బ్లర్‌కోసం కాదు. వెలుతురు సరిపోనప్పుడు తెరువు, సరిపోగానే మూసెయ్. మెహందీ రాత్రి ఢోలక్ దగ్గర ఎఫ్ 1.2. అదే గదిలో అందరూ కూర్చుని దుల్హన్‌ని చూస్తున్నప్పుడు ఎఫ్ 2.8. షట్టరు 15వ వంతుకి పడుతుంది, పడనీ. ద్వారబంధానికి ఆనుకుని, మోచేతులు డొక్కలకి అదిమిపెట్టి, ఊపిరి వదిలి తీయొచ్చు. నలుగురు కదిలితే కదిలారు. కదిలిన అమ్మీ అమ్మీయే, కరిగిపోయిన అమ్మీ మాత్రం పసుప్పచ్చ చుక్క.

ఇది షాదీలకే పరిమితమైన ముచ్చటైతే ఇంత పొడుగ్గా రాసేవాణ్ణి కాదు. మా మండలంలో కిడ్నీ జబ్బు సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. తండాల్లో ఎంతోమంది దీంతో తీసుకుంటున్నారు, కొందరికి డయాలిసిస్ నడుస్తోంది, నీళ్ళ గురించి ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటూనే ఉన్నాం. కెమెరాలతో వచ్చి పోయేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు తీసిన బొమ్మలు కొన్ని చూశాను. మడతలు పడ్డ మొహం, తడి కన్ను, వెనకంతా మెత్తటి మసక. చూడగానే గుండె కలుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ మసకలో ఏముందో ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళకి తెలుసు. నీళ్ళ డబ్బా ఉంది. మందుల సంచి ఉంది. మంచం పట్టిన మనిషికి అన్నం పెట్టే కోడలు ఉంది. ఆ మొహం అలా ఎందుకైందో చెప్పే గవాహీ అంతా వెనకే ఉంది, దాన్ని ఖరీదైన గాజు పెట్టి చెరిపేశారు. మిగిలింది ఒక ముసలి మొహం. అది ఏ దేశపు ముసలి మొహమైనా కావచ్చు.

హెన్రీ కార్టియే బ్రెస్సాన్ అనే ఫ్రెంచాయన 1947-48లో మన దేశం తిరిగాడు. ఆయనా లైకా రేంజ్‌ఫైండర్, ఎక్కువగా 50 మి.మీ. స్టాండర్డ్ లెన్సుతోనే పనిచేసేవాడు, ఫ్లాష్ అంటే గిట్టేది కాదు. శ్రీనగర్‌లో హరి పర్బత్ వాలు మీద తెల్లవారుజామున దువా చేస్తున్న ముస్లిం ఆడవాళ్ళ తస్వీరు ఆయనదే. వెనుదిరిగి నిలబడ్డ ఆ ఆడవాళ్ళనీ, ముందున్న లోయనీ, దూరంగా కొండల్నీ, మబ్బుల్నీ ఒకే బొమ్మలో ఉంచాడు. మొహాలు సరిగ్గా కనిపించకపోయినా ఆ బొమ్మ అక్కడిదే, ఆ పొద్దుదే. లోయ మసకైతే అదేం బొమ్మ?

మసక అందమే కాదా అని ఒక దోస్త్ నాతో వాదిస్తుంటాడు. అందమే, కాదనను. నా లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు దీపాల చుట్టూ పలచటి తెర కట్టినట్టు వెలుతురు ఊరుతుంది, అది నాకూ ఇష్టమే. పసిపాప నిద్రపోతున్నప్పుడు, తస్బీ తిప్పుతున్న నానీ వేళ్ళు తీస్తున్నప్పుడు వెనక ఏమీ లేకపోయినా పరవాలేదు. ఒక ఆల్బమ్‌లో అలాంటివి నాలుగుంటే ఖుషీ. రెండొందలుంటే ఆ ఇంట్లో ఆ రోజు ఇంకెవరూ లేరన్నట్టు ఉంటుంది. మన ఇళ్ళల్లో ఒంటరిగా ఎవరుంటారండీ? ఖాలా తలుపు దగ్గర, పిల్లలు మంచం కింద, వంటింట్లోంచి బిర్యానీ దేగ్ చూసుకుంటూ ఒక కన్ను ఇటు వేసిన చాచీ. మా వైపు చాలామంది దాదీలకి విడిగా దిగిన ఫొటో అంటే ఆధార్ కార్డుదే. వాళ్ళు తస్వీరులో పడేది ఎవరో ఒకరి షాదీలో వెనకవరసలోనే. ఆ వెనకవరసని బ్లర్ చేస్తే ఆవిడ యాద్గార్ ఇంకెక్కడ వెతుక్కుంటాం?

సెల్‌ఫోనులో నైట్ మోడ్ ఉందిగా, డిజిటల్‌లో ఐ.ఎస్.ఓ. 6400 పెట్టుకోవచ్చుగా, ఇంకా ఈ బరువు గాజులెందుకు అనేది ఇంకో సవాలు. ఈ మాటలో దమ్ముంది. చీకటికోసం ఎఫ్ 1.2 కొనాల్సిన అవసరం ఇప్పుడు పాతికేళ్ళ కిందున్నంత లేదు. ఒకప్పుడు లెన్సు కంపెనీలకి ఇదొక పందెం. 1953లో జపాన్‌లో జునో 1.1, 1956లో నికాన్ 1.1, 1961లో నా కెమెరాకే సరిపోయే కేనన్ 0.95, తర్వాత 1966లో లైకా వాళ్ళ నాక్టిలక్స్ 1.2, 1976లో దాన్నే 1.0 చేశారు, 2008లో 0.95. సినిమాలో అయితే స్టాన్లీ కుబ్రిక్ 1975 నాటి బారీ లిండన్‌లో కొవ్వొత్తుల వెలుగుతో తీయడానికి జైస్ వాళ్ళు నాసా కోసం చేసిన 0.7 లెన్సు పట్టుకొచ్చాడు. అప్పట్లో ఫిల్ము నెమ్మదిది కాబట్టి గాజు పరుగెత్తాల్సి వచ్చింది. ఇప్పుడు సెన్సరే పరుగెత్తుతోంది. అంటే ఇవాళ 0.95 కొనేవాడు ఎక్కువగా కొంటున్నది వెలుతురు కాదు, మసకే. ఫోను పోర్ట్రెయిట్ మోడ్ కూడా లెక్కలు వేసి ఆ మసకనే అంటిస్తోంది, ఒక్కోసారి టోపీ అంచునో చెవినో కూడా కోసేస్తూ.

తిరువూరులో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఈ పనిలోకి కొత్తగా దిగారు. "మామూ, చైనా 0.95 వచ్చింది, నాక్టిలక్స్ ధరలో పిసరంత కూడా లేదు, తీసుకోమంటారా" అని అడుగుతున్నారు. బేటా, ముందు నీ కెమెరా రేంజ్‌ఫైండర్ సరిచేయించుకో. ఎక్కడో బస్సు కుదుపుకి సర్దుబాటు తప్పుతుంది, 0.95 దాన్ని మాఫ్ చెయ్యదు. స్కేలు ఒకటి బల్లమీద ఏటవాలుగా పెట్టి, మధ్య అంకె మీద ఫోకస్ చేసి, పది బొమ్మలు తీసి చూడు. తర్వాత 50 మి.మీ. ఎఫ్ 2 ఒకటి అరువు తెచ్చుకుని మూడు షాదీలు తియ్యి. ఆ ఆల్బమ్‌లు దుల్హన్ చేతికి కాదు, వాళ్ళ దాదీ చేతికివ్వు. ఆవిడ వేలు ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎవరెవరి పేర్లు చెబుతుందో రాసుకుని రా. లెన్సు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.